బంతి కనిపించని వీడియో

అమెరికాలో మా నోవై ఊళ్లో తెలుగువాళ్ల కార్యక్రమాల్లో పదిమంది పిల్లలు గ్రూప్ డాన్స్ చేస్తే పది సినిమాలు తయారవుతాయి. ప్రతి తల్లీ కామ్‌కార్డర్‌లో తన బిడ్డనే దగ్గరికి లాక్కుని తీస్తుంది. మిగతావాళ్ల చేతులూ కాళ్లూ అటూ ఇటూ తగులుతుంటాయి, అంతే. వీడియో తియ్యడమంటే అదేనని నా నమ్మకం.

అలాంటి నన్ను మా అబ్బాయి హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌కి, అదే, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఇక్కడి ఫుట్‌బాల్‌కి, ఒకరోజు కెమెరామన్‌ని చేశారు. మామూలుగా తీసే ఆయనకి వేరే ఊళ్లో పని పడిందట. “మా అమ్మ దగ్గర మంచి కెమెరా ఉంది” అని మావాడు కోచ్‌కి మాటిచ్చి వచ్చాడు.

అప్పటికే వాడి మనసు బాగాలేదు. అవతలి జట్టు దగ్గర బంతి ఉన్నప్పుడు ఆపడానికి ముందు వరసలో నలుగురు నిలబడేవారు. ఆ ఏడు కోచ్ ముగ్గురి వరసకి మారారు. అందులో నడిమివాడు మావాడు. నోస్ టాకిల్ అంటారు. బంతిని వెనక్కి అందించే సెంటర్‌కి సరిగ్గా ఎదురుగా వంగి ఉంటాడు. ఎదుటివాళ్లలో ఇద్దర్ని తన మీదికి తెచ్చుకుని కదలకుండా నిలబడటమే వాడి పని. ఈలోగా వెనకున్న లైన్‌బ్యాకర్లు తీరిగ్గా వచ్చి, బంతి ఉన్నవాణ్ని పడగొట్టి చప్పట్లు కొట్టించుకుంటారు. ఇంత చాకిరీ చేసినవాడి పేరు మైకులో ఒక్కసారీ వినపడదు. నాకు ఒళ్లు మండేది. వాడికి మాత్రం ఆ చోటంటే ప్రాణం.

అయితే ప్రతి ఆటలోనూ అవతలివాళ్లు వాడి పక్కనుంచే దూసుకుపోతున్నారు. “నడుమ నిలవలేకపోతున్నావేమో. ఈ ఒక్క ఆట చూసి మళ్లీ నలుగురి వరసకి వెళ్లిపోతాను” అన్నారట కోచ్. ఆ నలుగురిలో మావాడు ఉండడు. బెంచీయే గతి.

శుక్రవారం సాయంత్రం గ్యాలరీలో పై మెట్టు మీద స్టాండ్ బిగించాను. పక్కన మావారు చలికి చేతులు జేబుల్లో కుక్కుకుని కూర్చున్నారు.

“బంతి పడుతోందా?” అన్నారు.

“మనవాడు పడుతున్నాడు” అన్నాను.

ఆ వైర్లు టీవీకి తగిలించడం నాకే తెలుసు కాబట్టి, మర్నాడు పొద్దున నేనే కెమెరా పట్టుకుని స్కూలుకి వెళ్లాను. కోచ్ గదిలో ఆయనా, మావాడూ, నేనూ. తెర నిండా మావాడి హెల్మెటూ, వీపూ, బూట్లూ. బంతి జాడ లేదు.

“అమ్మా, హోల్ ఫీల్డ్ తియ్యాలి అమ్మా! బాల్ ఎక్కడ ఉంది?” అన్నాడు మావాడు తెలుగులో, కోచ్‌కి అర్థం కాకుండా.

“నాకేం తెలుసురా? నిన్ను చూస్తున్నాగా.”

కోచ్ ముందు నవ్వారు. తర్వాత కుర్చీలో ముందుకి జరిగారు. మావాడి మీద ప్రతిసారీ అవతలి సెంటరూ, అతని పక్కన నిలబడే గార్డూ కలిసి పడుతున్నారు. మావాడి పాదాలు ఉన్నచోటు నుంచి వెనక్కి రావడం లేదు. “మళ్లీ వెయ్యండి” అన్నారు. వేశాను. కుడిపక్క నిలబడే మా జట్టు పిల్లాడి మోచెయ్యి ప్రతిసారీ తెర అంచులో కనపడుతోంది. ఎడమపక్క మాత్రం ఉత్త గడ్డి.

కోచ్ లేచి వెళ్లి ఆ గడ్డి మీద వేలు పెట్టారు. అక్కడ కనపడాల్సిన మా ఎడమపక్కవాడు తన ఎదుటివాడికి నేరుగా నిలబడకుండా బయటికి జరిగిపోతున్నాడు. బంతి పోతున్నది ఆ సందులోంచి. బంతి వెంట తిరిగే పాత టేపుల్లో ఇదంతా ఒక గుంపులాగే కనపడేదట.

“నువ్వు ఇద్దర్ని ఆపుతున్నావు. వరస మార్చను. వాణ్ని లోపలికి జరుపుతాను” అన్నారాయన మావాడితో. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వైర్లు చుట్టుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

కారెక్కాక మావాడి మొహం వెలిగిపోతోంది. అయినా నన్ను వదల్లేదు.

“మనల్ని గెలిపించిన టచ్‌డౌన్ కూడా తియ్యలేదు కదా నువ్వు!”

“అప్పుడు నువ్వు బెంచీ మీద నీళ్లు తాగుతున్నావు. అది తీశాను.”

వాడు పగలబడి నవ్వాడు. ఇంటి మలుపు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది.

“నెక్స్ట్ ఫ్రైడే కూడా రా అమ్మా. నన్నే తియ్యి” అన్నాడు.