నేల లేస్తోందక్కా

ఆ దీవికి ఒకే బస్సు, ఆ బస్సుకి ఒకే డ్రైవరు. పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు, చిన్నా పెద్దా అందరికీ అతను మంచుమామే. టిక్కెట్టు చేతిలో పెట్టి మంచుయుగం కథ మొదలుపెట్టాడంటే దిగేదాకా వదిలిపెట్టడు. చేపల దుకాణం ఆవిడైతే బస్సెక్కగానే కళ్ళు మూసుకుని నిద్ర నటించేది. నవ్వకండి. అంతకుముందు భార్య పోయినప్పుడు ఆ మనిషి ఏడాదిపాటు ఎవరితోనూ పెదవి విప్పలేదు. అక్క పెడితే తినడం, బస్సు నడపడం, పడుకోవడం, అంతే.

అతని నోరు తెరిపించింది ఒక కాలేజీ లెక్చరరుగారు. ఏటా ఎండాకాలం ఆయన పిల్లల్ని వెంటేసుకుని ఇదే బస్సులో వచ్చి, చివరి స్టాపులో దిగి, సముద్రపు గట్టు మీద పాఠం చెప్పేవారు. ఒకప్పుడు ఈ దీవి మీద కొండంత మంచు ఉండేదట. ఆ బరువుకి నేల కుంగిపోయిందట. మనిషి లేచిపోయాక పరుపు మెల్లగా పైకొచ్చినట్టు, మంచు కరిగి వేల ఏళ్ళయినా నేల ఇంకా లేస్తూనే ఉందట. ఇంతవరకు వినేసరికి బస్సు వెనక్కి తిప్పే వేళయ్యేది. మంచుమామ ఏ ఏడాదీ పాఠం పూర్తిగా వినలేదు. విన్నది చాలనుకున్నాడు.

చివరి స్టాపు ఎదురుగానే అక్క ఇల్లు. రెండు గదులు, గట్టు వైపు కిటికీ, కిటికీ కింద కుట్టుమిషను. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఈ అక్కే. పెరడు ఏటా కొంత తెగి సముద్రంలో పడుతోంది. తీరంలో ఉన్నవాళ్ళకి ఊరి మధ్య కొత్త ఇళ్ళు ఇస్తామని ఆఫీసువాళ్ళు వస్తే, మంచుమామ గుమ్మంలోనే అడ్డం తగిలాడు.

"నేల లేస్తోందక్కా. నీకేం భయం లేదు, నా మాట విను," అన్నాడు.

అక్క వింది. ఇరుగుపొరుగు నెత్తీనోరూ కొట్టుకున్నా కదల్లేదు. ఆమె కోసం అట్టేపెట్టిన ఇల్లు చివరికి ఇంకెవరికో ఇచ్చేశారు. ఆదివారాలు తమ్ముడొచ్చి కూర్చుంటే, "ఆ మంచు సంగతి మళ్ళీ చెప్పరా," అనేది. అతను చెప్పిందే చెప్పేవాడు. ఆమె కుడుతున్న గుడ్డ మీంచి తలెత్తకుండా ఊఁ కొట్టేది.

నిరుడు పాఠం మధ్యలో బస్సు మొరాయించింది. మెకానిక్కు వచ్చేదాకా ఆగక తప్పలేదు, మంచుమామ మొదటిసారి మిగతా సగం విన్నాడు. నేల లేచేది ఏడాదికి వెంట్రుకవాసి. లోకమంతా వేడెక్కి, ఎక్కడెక్కడి మంచో కరిగి, సముద్రం అంతకంటే తొందరగా లేస్తోంది. పైగా ఈ గట్టు రాయి కాదు, మంచు పోతూ పోతూ వదిలేసిన మట్టీ గులకరాళ్ళూ. అల కొడితే నిలవదు. "ఆ ఇల్లు ఇంకో రెండు తుఫాన్లకి ఆగడం కష్టం," అని లెక్చరరుగారు అక్క ఇంటివైపే చెయ్యి చూపించారు.

మంచుమామ తిన్నగా వెళ్ళి అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నేను తప్పు చెప్పానక్కా. సగమే విన్నాను. నీ కొంప నేనే ముంచాను," అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

అక్క మిషను ఆపింది.

"నాకు తెలుసురా. పెరట్లో బట్టలారేసే తీగ స్తంభాలతో సహా కిందికి పోయిన రోజే తెలుసు. కళ్ళెదుట నేల జారిపోతుంటే లేస్తోందని ఎవరు నమ్ముతారు?"

"మరి ఎందుకు ఉండిపోయావక్కా?"

"ఏడాదిపాటు నువ్వు నాతో కూడా మాట్లాడలేదు. ఆ పిచ్చి కథ దొరికాకే మళ్ళీ మనిషివయ్యావు. నేను వెళ్ళిపోతే నీ మాట నమ్మలేదని నీకు తెలిసిపోతుంది. మళ్ళీ ఎక్కడ నోరు మూసుకుంటావోనని భయమేసింది."

దీవిలో ఇవ్వడానికి ఇక ఇల్లు లేదన్నారు ఆఫీసువాళ్ళు. బస్సు షెడ్డు మీద అతనుండే ఒంటిగదికి నిచ్చెన ఎక్కి వెళ్ళాలి, అక్క మోకాళ్ళు అందుకు పనికిరావు. సముద్రం అవతల, దిక్కులేని ముసలివాళ్ళుండే చోట ఆమెకి ఒక మంచం దొరికింది. తమ్ముడుండగా దిక్కులేనిదాని కింద పేరు రాయించుకుంది.

ఆమెని రేవుకి తీసుకెళ్ళింది ఆ బస్సులోనే. మంచుమామ దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. బ్రేకుల గురించి, మెకానిక్కు బద్ధకం గురించి, ఏది నోటికొస్తే అది. ఎక్కడ ఆగిపోతే అక్క బెంగపడుతుందోనని ఊపిరి కూడా తీసుకోలేదు. పడవ కదిలాక కూడా ఒడ్డున నిలబడి, ఆమెకి వినపడదని తెలిసీ, గట్టిగా ఏదో చెబుతూనే ఉన్నాడు.