డప్పు దెబ్బకు నా ఫోన్ నంబరు

మంచి పాటను ఎట్లా పాడుచేయాలో, ఆ పాటతోపాటు సొంత పరువును కూడా నడిరోడ్డు మీద ఎట్లా పోగొట్టుకోవాలో నేర్చుకోవాలనుకునేవాళ్లు దయచేసి కూర్చోండి. ఈ విద్యలో నన్ను మించినవాడు మా జిల్లాలో లేడు. పైగా నేనెవరి దగ్గరా శిష్యరికం చేయలేదు. అంతా స్వయంకృషి.

తెలంగాణ ఉద్యమం ఊరూరా రోడ్డెక్కిన రోజులవి. సిరిసిల్లలో మా ఇంట్లో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడేవి. వాటి చప్పుడు మీద మాట వినబడాలంటే అరవాలి. అట్లా అరిచీ అరిచీ నాకొక గొంతు వచ్చింది. దాన్ని నేను సంగీతం అనుకున్నాను. సభల్లో గజ్జె కట్టి, గొంగడి వేసుకుని పాడేవాణ్ణి.

పాటలు కట్టేది మాత్రం మా మేనత్త రాజవ్వ. కోరుట్లలో బీడీలు చుడుతుంది. చెయ్యి ఆకు మీద ఉంటే నోరు పాట మీద ఉంటుంది. అక్షరం రాదు కాబట్టి ప్రతి పాటకూ ఆఖరి చరణంలో తన పేరు పెట్టుకునేది. ఆ యేడు ఆమె కట్టిన "సాంచెల సప్పుడు ఆగింది సూడు, సడకు మీదికి ఊరొచ్చె సూడు" అనే పాటను సీడీగా తెస్తానని అడిగాను.

"పాడుకో అల్లుడా. అట్ట మీద నీ బొమ్మనే ఏసుకో. గని ఆకర్న నా పేరు మాత్రం తియ్యకు. గది ఒక్కటే నాది" అంది.

"నీ పేరు తీసేటోణ్ణా అత్తా నేను?" అన్నాను.

పాఠకులారా, ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.

రికార్డింగు జగిత్యాలలో. ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో కంప్యూటరు, మైకు, గోడలకు పరుపులు. దాని యజమాని సత్యం ఆదిలోనే నా ఉత్సాహం మీద నీళ్లు చల్లాడు.

"అన్నా, నీ సీడీ ఒక్కడు కొంటడు. సెల్ దుకాణపోడు. గది కంప్యూటర్ల ఎక్కిచ్చుకోని ఊరందరి మెమొరీ కార్డులల్ల నింపుతడు. పాడింది ఎవలో ఎవ్వలకు తెల్వది."

"మరెట్ల?"

"నీ నంబర్ చెప్పు పాటల. సీడీలు కావాలన్నోళ్లు ఫోన్ జేస్తరు."

"ఆకర్న చెప్త."

"కట్ చేస్తరు."

"మొదట్ల చెప్త."

"గదీ కట్ చేస్తరు."

అప్పుడు వచ్చిందండీ నాకా దిక్కుమాలిన తెలివి. "నడుమ పెడ్త. డప్పు ఆగకుంట, గదే బాణీల పాడుత. ఎక్కడ కోస్తడో కొయ్యమను!" సత్యం నన్ను చాలాసేపు చూశాడు. అది గౌరవం అనుకున్నాను.

"పాట కావాలంటె ఫోన్ జెయ్యి సూడు, సిరిసిల్ల శీనుకు ఫోన్ జెయ్యి సూడు" అని ఎత్తుకుని, పది అంకెలనూ డప్పు దెబ్బకొకటి చొప్పున పాడేశాను. మన పాటల్లో కోరస్ పని ఏమిటో మీకు తెలుసు కదా? ముందువాడు ఏది అంటే అది తిప్పి అనడం. నా వెనక నిలబడ్డ ముగ్గురు సాంచెల దోస్తులు అలవాటుకొద్దీ పది అంకెలనూ తిప్పి పాడారు. వద్దనలేదు నేను. ప్రకటన రెండుసార్లు పడిందని మురిసిపోయాను.

"పాట లావైందన్నా" అన్నాడు సత్యం. "గింత పెద్దది పాత సెల్లులల్ల బ్లూటూత్‌ల పోదు. ఏదన్న ఒక చరణం తియ్యాలె."

నంబరు తీయొచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదు. ఆఖరి చరణం తీయించి, నంబరు వెనక పల్లవి మాత్రం ఉంచాను. రెండో సీడీలో పెడదాంలే అనుకున్నాను. అత్తకు మొదటి సీడీ పంపితే, అది వినిపించే మిషన్ ఆమె ఇంట్లో లేక, బొట్టు పెట్టి దేవుని గూట్లో పెట్టుకుంది.

వారం తిరగకుండా పాట ఊళ్లు దాటింది. ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది మెట్‌పల్లి నుంచి.

"హలో, పాట శీనేనా?"

"అవునన్నా! ఎన్ని సీడీలు కావాలె?"

"సీడీ ఎందుకు? పాట నా సెల్లుల ఉన్నది. ఫోన్ జెయ్యుమన్నవని జేసిన. ఏంది ముచ్చట?"

ముచ్చటేముంటుంది నా మొహం! ఇంకొకాయన దుబాయ్ నుంచి చేశాడు. "నెట్ల ఎక్కిచ్చిన తమ్మీ. మా రూమోళ్లందరు ఇంటున్నరు. నీ తాన లేకుంటె చెప్పు, పంపుత" అని నా పాట నాకే ఇవ్వబోయాడు. ఒకామె తన మొగుడు అలిగి వెళ్లిపోయాడనీ, ఉద్యమంలో ఎక్కడైనా కనబడితే ఇంటికి పంపమనీ చెప్పింది. సీడీలు అడిగినవాళ్లు మాత్రం లేరు. చివరికి మా నాన్న వాటిని దారాలకు గుచ్చి మా మామ మక్కజొన్న చేనులో పిట్టలను బెదిరించడానికి కట్టాడు.

అప్పుడు కోరుట్లలో వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తినే నిరసన. పాట పాడమని రాజవ్వత్తను పిలిచారు. నేను పక్కన డప్పు.

అత్త ఒక్క లైను అనగానే జనమంతా అందుకున్నారు. ఆమె ముఖం వెలిగిపోయింది. "నా పాట గింతమందికి ఎట్లొచ్చిందిరా?" అని గొణిగింది.

"సెల్లులల్ల పోయిందత్తా" అన్నాను, నా గొప్పే అన్నట్టు.

రెండో చరణం అయింది. ఆఖరి చరణానికి అత్త ఊపిరి తీసుకుంది. జనం ఆగితే కదా! గరిటెలు పైకెత్తి, "సిరిసిల్ల శీనుకు ఫోన్ జెయ్యి సూడు" అని అందుకుని, పది అంకెలూ ఒక్కటి పొల్లుపోకుండా పాడారు. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ పెదవులు కూడా కదిలాయి.

అత్త మైకు పక్కకు పట్టుకుంది. "ఏందిరా గిది?"

"నా నంబరత్తా."

"నా పాటల?"

"నడుమ... జరంత."

"మరి నా పేరు?"

నేను ఉడుకుతున్న అన్నం గిన్నె వైపు చూశాను. సిగ్గేసింది. ఆమె అడిగింది ఒక్కటే, నేను తీసిందీ ఆ ఒక్కటే.

అత్త నన్ను తిట్టలేదు. కొంగు నడుమున దోపుకుని, మైకు నోటికి తెచ్చుకుని, అప్పటికప్పుడు కట్టి పాడింది. "పాట కట్టింది రాజవ్వ సూడు, గా ఫోను గూడ రాజవ్వదే సూడు!"

కోరస్ పని తిప్పి అనడమే కదా. రోడ్డంతా తిప్పి పాడింది, వెనకే నా పది అంకెలనూ మళ్లీ పాడింది. సెల్లులన్నీ పైకి లేచి రికార్డు చేసుకున్నాయి. అన్నం తిని చేతులు కడుక్కునే లోపు కొత్త పాట ఊరు దాటింది. పాతదాన్ని అడిగిన నాథుడు లేడు.

ఏళ్లు గడిచాయి. రాష్ట్రం వచ్చింది. ఇప్పటికీ నా సెల్లు మోగితే అవతలి నుంచి వచ్చే మొదటి మాట "రాజవ్వ ఉన్నదా?" సభలకు పిలుపులు, పెళ్లి పిలుపులు, పాట బాగుందన్న మెచ్చుకోళ్లు, అన్నీ రాసుకుని కోరుట్లకు చేరవేయడం నా పని. ఒకసారి విసిగిపోయి నంబరు మార్చేస్తానన్నాను.

"నా ఫోను మార్వనీకి నువ్వెవలురా?" అంది అత్త.

కాబట్టి చేతిలో ఉన్న ఛార్జరు మీద ఒట్టు వేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ పాటలోనూ నా నంబరు పెట్టను, ఎవరి పాటలోంచీ ఎవరి పేరూ తీయను. ఈ ప్రమాణాన్ని ఇంకొంచెం గంభీరంగా చేద్దును గానీ, ఉండండి, ఫోను మోగుతోంది. అత్తకే.