రబ్బరు బావ అరిచాడు, పెద్దనాయన అరవలేదు

మా పెద్దనాయన మెడను కుడివైపుకు తిప్పేసి, పత్తికొండ టమోటా మార్కెట్టులో సగంమంది వ్యాపారులు ఆయన కంటికి కనపడకుండా చేసిన ఘనత నాదే. తుఫాన్లకు పేర్లు పెట్టేవాళ్లెవరైనా ఆ కార్తీక సోమవారం మహానందిలో ఉండుంటే, వచ్చే తుఫానుకు నా పేరు రాసుకుని పోయేవాళ్లు. మీరు నవ్వుకోండి, నాకేం కోపం లేదు. ఇందులో నేను మాత్రం ఇప్పటికీ నవ్వలేని ముక్క ఒకటుంది, అది వచ్చినప్పుడు చెబుతాను.

రెండువేల ఏడో ఎనిమిదో సంవత్సరం. నేను కర్నూలులో ఫిజియోథెరపీ చదువుతున్నాను. ఆ చదువు పేరు చెబితే మా ఊళ్లో "అంటే కాళ్లు పిసికే చదువా?" అనేవాళ్లు. మా పెద్దనాయన సుబ్బయ్య శెట్టి మాత్రం, టమోటా గంపలు దించే హమాలీలను కూడా నిలబెట్టి, "మా పద్మ డాక్టరు చదువుతాండాది" అని చెప్పేవాడు. నా చిన్నప్పుడే మా నాయన పోతే, నన్ను పెంచిందీ చదివించిందీ పెద్దనాయనే. ఆయనకు మార్కెట్టులో మండీ ఉంది. రైతులు తెచ్చిన టమోటాలకు ఆయనే వేలం పాట పాడేవాడు. ఆ గొంతు బస్టాండు దాకా వినపడేదంటే అందులో అతిశయోక్తి కొంచెమే.

ఇక మా కాలేజీ సంగతి. ఆ ఏడాది మాకు ఒక బొమ్మ వచ్చింది. తల, మెడ, నడుము దాకా ఉండే రబ్బరు మనిషి. లోపలంతా సెన్సర్లు, వెనక నుంచి ఒక వైరు, ఆ వైరు చివర కంప్యూటరు. మెడను సరిగ్గా పట్టుకుని, సరైన బలంతో తిప్పితే తెరమీద పచ్చరంగు వస్తుంది. బలం ఎక్కువైతే ఎర్రరంగు వచ్చి, బొమ్మ "కుయ్ కుయ్" అని అరుస్తుంది. మేం ఆడపిల్లలం దానికి రబ్బరు బావ అని పేరు పెట్టాం. ఎంత ఏడిపించినా తిరిగి ఒక్క మాట అనని బావ ఇంకెక్కడ దొరుకుతాడు చెప్పండి!

రబ్బరు బావ దగ్గర నాకు మంచి పేరొచ్చింది. మిగతావాళ్లు ముట్టుకుంటే కుయ్‌మనేవాడు, నేను తిప్పితే పచ్చగా వెలిగేవాడు. నా పద్ధతి చాలా సులువు. మెల్లగా బలం పెంచుకుంటూ పోవడం, కుయ్‌మనే ముందర ఆగడం. ఒకవేళ కుయ్‌మంటే కొంచెం తగ్గించడం. అంతే! చదువంటే ఇంతేనా అని నాకే జాలేసింది.

"బొమ్మ అరుస్తుంది. మనిషి ఒక్కోసారి అరవడు. అందుకని చేతిని కాదు, ముఖాన్ని చూస్తుండాలి. మెడ దగ్గర మరీ జాగ్రత్త. నేను పక్కన లేకుండా ఎవరి మెడా ముట్టుకోకూడదు" అని మా సారు ఒక పీరియడ్ మొత్తం చెప్పారట. 'చెప్పారట' అని ఎందుకంటున్నానంటే, ఆ పీరియడులో నేను కాలేజీ ఎదురు బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటున్నాను. నా బతుకులో అంత ఖరీదైన బజ్జీ మళ్లీ తినలేదు.

కార్తీకమాసం సెలవుల్లో ఇంటికి వెళ్లాను. మా ఇంట్లో కార్తీకంలో ఒక సోమవారం మహానందికి వెళ్లడం ఆనవాయితీ. ఆ రోజు పెద్దనాయన పొద్దున కోనేట్లో మునిగింది మొదలు సాయంత్రం దీపం పెట్టేదాకా మౌనవ్రతం పట్టేవాడు. ఏడాదంతా మార్కెట్టులో అరిచే నోటికి శివుడి పేరు మీద ఒక్క రోజు సెలవు. మా పెద్దమ్మ అయితే ఆ రోజు కోసం ఉగాది నుంచి ఎదురుచూసేది.

తెల్లారకముందే జీపులో బయలుదేరాం. పెద్దనాయన ముందు సీట్లో కూర్చుని, మెడ ఒక పక్కకు వేలాడేసి, నంద్యాల దాకా గుర్రు పెట్టాడు. మహానందిలో దిగాడు, కోనేట్లో మునిగాడు, పైకి లేచాడు. అప్పటికే మెడ పట్టేసింది. మౌనం కూడా పట్టేశాడు. సత్రం గదికి వచ్చి చేత్తో మెడ చూపించి, మొహం చిట్లించాడు.

"మెడ పట్టిందే ఈయప్పకు! యాడన్నా వేన్నీళ్లు దొరుకుతాయేమో అడిగొస్తాను" అంది పెద్దమ్మ.

"వేన్నీళ్లెందుకు పెద్దమ్మా, నేను లేనా?" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నడుం మీద చెయ్యి కూడా పెట్టుకున్నట్టు గుర్తు.

"నీకొస్తాదా?"

"కాలేజీలో నా అంత బాగా ఎవరికీ రాదు. కావాలంటే మా సారునడుగు."

సారు అక్కడ లేరు గనక అడగలేదు. పెద్దనాయన నావైపు చూసిన చూపు మాత్రం నాకు బాగా గుర్తుంది. ఇన్నాళ్లు చదివించిన చదువు తన ఒంటిమీదే అక్కరకు వస్తోందని ఆ ముఖం వెలిగిపోయింది. చాప పరిపించుకుని, పసిపిల్లాడిలా నా ముందు పడుకున్నాడు.

మెడ పట్టుకున్నాను. తిప్పడం మొదలుపెట్టాను. కొంచెం బలం పెంచాను. చప్పుడు లేదు. ఇంకొంచెం పెంచాను. చప్పుడు లేదు. కుయ్ లేదు, కయ్ లేదు. నా చేతులు కుయ్ కోసం కాచుకుని ఉన్నాయి, అది రాలేదు గనక అంతా పచ్చగానే ఉందనుకున్నాను. మనిషికి వైరు ఉండదన్న సంగతి నాకు తెలియదా అంటే తెలుసు. చేతులకు తెలియదు.

"ఏమే పద్మా, ఆయప్ప కండ్లల్లో నీళ్లు కారుతాండాయి" అంది పెద్దమ్మ.

"భక్తి పెద్దమ్మా. కార్తీక సోమవారం గదా."

"చేత్తో నేలను కొడతాండాడే!"

"రక్తం పారుతాంది. మంచిదే."

"కాలివేళ్లు చూడు, ఎట్ల ముడుచుకున్యాయో! నొప్పి అయితాందేమోనే!"

"నొప్పి అయితే చెప్పడా పెద్దమ్మా?" అన్నాను.

అన్నాను, నిజంగానే అన్నాను. నోరు తెరవనని శివుడికి మాటిచ్చిన మనిషి తల రెండు చేతుల్లో పట్టుకుని, నొప్పి అయితే చెప్పడా అన్నాను. ఆయన శివుడికిచ్చిన మాట తప్పలేదు, నేను నా పట్టు వదల్లేదు. చివరికి మెడలో 'టక్' మంది.

"విన్యావా పెద్దమ్మా! అయిపోయింది, పట్టు వదిలింది!"

పెద్దనాయన లేచి కూర్చున్నాడు. ముఖం కుడివైపుకు ఉంది. మేం ఎదురుగా ఉన్నాం. ముఖం మావైపు రాలేదు.

"ఆ పక్క గోడ తప్ప ఏముండాది? ఈ పక్కకు చూడు" అంది పెద్దమ్మ. ఆయన చూడలేదు. కాసేపటికి ఒళ్లంతా చాప మీద తిప్పుకుని, అప్పుడు మావైపు చూశాడు. తలుపు తిరిగినట్టు మనిషి మొత్తం తిరిగాడు.

దర్శనానికి క్యూలో పక్కవాటుగా నడిచాడు. గర్భగుడి ముందు నిలబడితే చూపు స్తంభం మీదికి పోయింది, అందుకని పక్కకు తిరిగి నిలబడి దేవుణ్ణి చూశాడు. వెనక ఉన్న ఒకావిడ, "ఏమప్పా, సామిని ఎదురుగా చూడవా, అంత కోపమా?" అనింది. ఆయన ఏం చెబుతాడు? దణ్ణం పెట్టుకున్నాడు. ఆ దణ్ణంలో నన్ను ఏం చేయమని శివుణ్ణి అడిగాడో నాకు తెలియదు.

సాయంత్రం దీపం పెట్టారు. మౌనం విడిచే వేళయింది. మొదటి మాట తిట్టే అవుతుందని నేను పెద్దమ్మ వెనక నిలబడ్డాను. పెద్దనాయన నెమ్మదిగా ఒళ్లు నావైపుకు తిప్పాడు.

"పాపా, కర్నూల్లో నువ్వు ఎవురి మీద నేర్చుకున్యావే?"

"బొమ్మ మీద పెద్దనాయనా."

"బతికే ఉండాదా అది?"

అందరూ పడీ పడీ నవ్వారు. డ్రైవరు కూడా నవ్వాడు. నేను ఏడ్చాను. దారిలో నంద్యాలలో డాక్టరుకు చూపిస్తే, ఎముకకు ఏం కాలేదని, కండరాలు దెబ్బతిని బిగుసుకున్నాయని, తగ్గడానికి చాలా రోజులు పడుతుందని చెప్పాడు. మెడకు పట్టీ పెట్టుకోమన్నాడు. పెద్దనాయన పట్టీ కొనిపించి, సంచిలో వేసుకున్నాడు. ఒక్కనాడూ పెట్టుకోలేదు.

కథ ఇక్కడ ఆగిపోతే నాకు కూడా నవ్వే.

వేలం పాట ఎలా జరుగుతుందో చూడనివాళ్ల కోసం చెబుతాను. నడుమ టమోటా రాశి ఉంటుంది. కుడిపక్క కొందరు, ఎడమపక్క కొందరు వ్యాపారులు నిలబడతారు. పాట పాడేవాడు ధర అరుస్తూ పోతుంటాడు, కొనేవాళ్లు మాత్రం అరవరు. ఒకడు కన్ను ఆర్పుతాడు, ఒకడు వేలు కదిలిస్తాడు. పాడేవాడు ప్రతి ధరకూ ఆ పక్కా ఈ పక్కా చూడాలి. ఒక పక్క చూడకుండా పాట ముగించేస్తే, రైతుకు రావలసిన ధర పోతుంది. సుబ్బయ్య శెట్టి రెండు పక్కలా సమానంగా చూస్తాడని నమ్మే, ఎక్కడెక్కడి రైతులో ఆయన మండీకి బండ్లు తోలుకొచ్చేవాళ్లు. ఆయన సంపాదించుకున్నది ఆ పేరొక్కటే.

సెలవుల చివర్లో ఆయనకు తెలియకుండా మార్కెట్టుకు వెళ్లాను. మెడకు తువ్వాలు చుట్టుకుని, జలుబని చెప్పుకుంటూ పాట పాడుతున్నాడు. కుడిపక్కే చూస్తున్నాడు. ఎడమపక్కకు ఒళ్లంతా తిప్పేలోపల ధర దాటిపోతోంది.

"శెట్టీ, ఈ పక్క మనుషులు లేరా?" అని ఎడమపక్క నుంచి ఒకాయన అరిచాడు.

"కుడిపక్కోళ్లు ఏం తినిపిచ్చినారో అడుగప్పా!" అన్నాడు ఇంకొకాయన.

ఆ రాశి రంగప్పది. ఏళ్ల తరబడి మా మండీకే తెచ్చే రైతు, మా ఇంట్లో అన్నం తినిపోయే మనిషి. ఎడమపక్క వాళ్లు పెంచిన ధర పెద్దనాయనకు కనపడలేదు, రాశి తక్కువకే పోయింది. రంగప్ప తలపాగా విప్పి దులుపుకున్నాడు. "నువ్వుగూడ ఇట్ల చేస్తివా శెట్టీ?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

నేను గబగబా ముందుకు పోయాను. "రంగప్ప మామా, ఆయన తప్పేం లేదు..." అనేలోపల పెద్దనాయన ఒళ్లంతా నావైపుకు తిప్పాడు.

"పాపా! ఇంటికి పో. గమ్మున పో."

ఆయన నన్ను కసిరింది ఆ ఒక్కసారే.

రాత్రి అన్నాల దగ్గర అడిగాను. "ఎందుకు చెప్పవు పెద్దనాయనా? మెడ తిరగడంలేదని ఒక్క మాట చెప్తే అయిపోతాది గదా."

"మెడకేమైందంటారు. ఎవురు చేసిరంటారు. జలుబు తప్ప ఇంకో అబద్ధం నాకు నిలబడదు. మా పాప డాక్టరు చదువుతాండాదని ఊరంతా నేనే చెప్పుకుంటి. ఆ పాపనే ఇట్ల చేసిందంటే, రేపు నీ దగ్గరికి ఎవురొస్తారు?"

"నీ పేరు పోతాంది గదా!"

"నాకు పేరుండాది గాబట్టి పోతాంది. నీకింకా రానేలేదు. తిను, అన్నం చల్లారిపోతాది."

ఇదే నేను నవ్వలేని ముక్క.

కర్నూలు వెళ్లి మా సారు కాళ్లమీద పడ్డాను. చివాట్లన్నీ పెట్టాక, ఏం చేయాలో ఆయనే దగ్గరుండి నేర్పారు. వేడి కాపడం, మెల్లగా కదలికలు, అంతే. ఆదివారం ఆదివారం ఇంటికి వచ్చి, ముఖం చూస్తూ, "నొప్పా పెద్దనాయనా? ఇప్పుడు? ఇప్పుడు?" అని ప్రాణం తీశాను. "బొమ్మను గూడ ఇన్నితూర్లు అడుగుతావా?" అనేవాడు. మెడ తిరిగి వచ్చింది. ఎడమపక్క వ్యాపారులు రాలేదు. రంగప్ప బండి కూడా వేరే మండీకి పోయింది. దారిలో ఎదురైతే పలకరించకుండా పోయేవాడని పెద్దమ్మ చెప్పింది. మేలు చేయబోయి ఒక మంచి మనిషిని దొంగను చేశాను, అది ఏ కాపడానికీ తగ్గలేదు.

కొన్నేళ్లకు చదువు, అనుభవం అన్నీ అయ్యాక, కర్నూల్లో ఒక గది అద్దెకు తీసుకుని నా పేరుతో బోర్డు కట్టాను. మరునాడు పొద్దున మొట్టమొదటి మనిషిగా నడుం పట్టుకుని లోపలికి వచ్చింది ఎవరనుకున్నారు? రంగప్ప. నడుం నొప్పన్నాడు. బల్లమీద బోర్లా పడుకోమన్నాను. చేతులు కడుక్కుని తుడుచుకుంటున్నాను.

"చచ్చినానో! అమ్మో! నాయనో!" అని గది అదిరిపోయేటట్టు కేకపెట్టాడు. బయట రోడ్డుమీద పోయేవాళ్లు ఆగి చూశారు.

"ఏమైంది మామా? నేనింకా చెయ్యే పెట్టలేదు గదా!"

"శెట్టి చెప్పి పంపినాడు తల్లీ. ఆ పాప చెయ్యి పెట్టకముందే గట్టిగా అరువు, గమ్మునుంటివంటే పోతావు, నా మెడ అట్లనే పోయిందన్యాడు."

నా చేతిలో తువ్వాలు జారిపోయింది. "పెద్దనాయన నీకు చెప్పినాడా? ఎప్పుడు?"

"నిన్న మాపున. ఇన్నేండ్లు నేను మొగం తిప్పుకుని పోతాంటే ఒక్క మాటన్నా చెప్పల్యా ఆ మనిషి. నిన్న ఆయప్పే మా ఇంటికొచ్చి, పాప బోర్డు కట్టిందప్పా, ఇంక చెప్పినా పర్వాల్యా అని అంతా చెప్పినాడు. శానా తప్పుగా అనుకుంటి తల్లీ నేను" అన్నాడు రంగప్ప, బల్లమీద ముఖం పెట్టుకునే.

నేను బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని బాగా ఏడ్చాను. నొప్పి ఎవరికో తెలియక, బయటివాళ్లు తలుపు తీసి చూసి పోయారు.

అందుచేత, మహానందీశ్వరుని సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మౌనవ్రతంలో ఉన్నవాళ్ల మెడగానీ, నడుముగానీ, చివరికి చిటికెనవేలుగానీ ఈ జన్మలో ముట్టుకోను. నా గదికి వచ్చేవాళ్లెవరైనా సరే, ముందు ఒకసారి గట్టిగా అరిచి చూపించాలి. నేను చాలా ఓర్పుగల మనిషినమ్మా, ఎంత నొప్పయినా నోరు తెరవను అనేవాళ్లకు చెయ్యెత్తి దణ్ణం పెట్టి, పక్క వీధి డాక్టరు దగ్గరికి పంపిస్తాను.