స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పిన తరువాత

ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన అన్నం తింటూ ముద్దను నోటి దగ్గరే ఆపేశాడు. మజ్జిగ పోయమంటావా అని అడిగాను. పలకలేదు. చూపు గోడ మీద నిలిచిపోయింది. నోరు మాత్రం ఊరికే నములుతోంది. భుజం పట్టి కుదిపాను. కాసేపటికి తేరుకుని, ఏమీ జరగనట్టు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఎందుకు కుదిపావని నన్నే అడిగాడు.

ఆయన పేరు యేసురత్నం. గూడూరు నుంచి మద్రాసుకు అభ్రకం తోలే లారీకి డ్రైవరు. నేను అభ్రకం షెడ్డులో రేకులు చీల్చే పనికి పోయేదాన్ని. కొన్నేళ్ళ కిందటి మాట ఇది, అరవైల మొదట్లో. అప్పటిదాకా ఆయన జ్వరమొచ్చి పడుకోవడం కూడా నేను చూడలేదు. నిద్ర చాలక అలా అయిందనుకున్నాం.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి చొక్కా విప్పుతూ విరుచుకుపడ్డాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నోటి వెంట నురగ వచ్చింది. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి చేతిలో తాళంచెవి పెట్టారు. అది చాలని వాళ్ళన్నా నేను వినకుండా ఆయన్ను బజార్లో ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆ డాక్టరు నేను చెప్పిందంతా విని, "ఇవి ఫిట్స్. మద్రాసు పోయి పరీక్ష చేయించుకో. అంతదాకా స్టీరింగు ముట్టుకోవద్దు," అన్నాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను.

ఆయన కొన్ని రోజులు ఇంటి దగ్గరే ఉన్నాడు. మద్రాసు ప్రయాణం ఇదిగో అదిగో అంటూ వాయిదా పడుతూ వచ్చింది. మళ్ళీ ఫిట్ రాలేదు. ఇంతలో లారీ ఓనరు కబురు పంపాడు, లోడు నిలిచిపోయింది రమ్మని. డాక్టరు మాట గుర్తు చేశాను. "ఇప్పుడు బాగానే ఉండా గదా మార్తా," అని చొక్కా వేసుకుని పోయాడు.

చిల్లకూరు దాటకముందే జరిగింది. పక్కన కూర్చున్న క్లీనరు తరువాత మాకు చెప్పాడు. మా ఆయన తల ఒక పక్కకు తిరిగిందట, పిలిస్తే పలకలేదట. లారీ రోడ్డు దిగి మార్జిన్‌లోకి పోయింది. అక్కడ సుబ్బరామయ్య అనే రైతు సైకిలు మీద నిమ్మకాయల గంపతో గూడూరు మార్కెట్టుకు వస్తున్నాడు. ఆయన తన దారిన తాను ఓరగానే వస్తున్నాడు. అక్కడికక్కడే ప్రాణం పోయింది.

పోలీసులు వచ్చేసరికి మా ఆయన నిమ్మకాయల మధ్య నిలబడి, ఏం జరిగిందని అందరినీ అడుగుతున్నాడట. తాగాడనుకున్నారు. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషిని చంపినందుకు 304-ఎ సెక్షన్ కింద కేసు పెట్టారు.

బెయిలు మీద వచ్చాక నెల్లూరు ఆసుపత్రిలో చూపించాం. అక్కడి డాక్టరు ఎపిలెప్సీ, అంటే మూర్ఛ రోగం అని చెప్పి మద్రాసుకు రాసిచ్చాడు. మద్రాసులో తలకు వైర్లు అంటించి ఈ.ఈ.జి. తీశారు. ఫినోబార్బిటోన్ మాత్రలు ఇచ్చారు. వాటితో ఫిట్స్ తగ్గాయి కానీ మనిషి మత్తుగా ఉండేవాడు, మాట తడబడేది. సైకిలు బెల్లు వినిపిస్తే మాత్రం ఎంత మత్తులో ఉన్నా లేచి కూర్చునేవాడు.

కేసు సంగతి ఓనరు పెట్టిన ప్లీడరు చూశాడు. జబ్బు మొదటిసారి ఆ రోజే వచ్చిందని నిలబెట్టగలిగితే అది ఎవరి తప్పూ కాదన్నాడు. ముందే తెలిసి బండెక్కితే మాత్రం శిక్ష తప్పదన్నాడు. గూడూరు డాక్టరు అప్పటికే ఊరు వదిలి వెళ్ళిపోయాడు. ఆయన మాట విన్నది మేమిద్దరమే, పక్కింటివాళ్ళు కోర్టు దాకా రారు. ప్లీడరు నన్ను సాక్షిగా పెట్టి, ఇంతకు ముందెన్నడూ రాలేదని చెప్పమన్నాడు. ఆలోచించుకుంటానని వచ్చేశాను. షెడ్డులో ధ్యాస నిలవక రేకులు పాడుచేసేదాన్ని. నిజం చెబితే నా నోటితోనే మొగుణ్ణి జైలుకు పంపినట్టు. అబద్ధం చెప్పాలంటే కోర్టు వరండాలో ప్రతి వాయిదాకూ వచ్చి కూర్చునే సుబ్బరామయ్య భార్య వెంకమ్మ ముఖం కనిపించేది.

అప్పుడు ప్లీడరు గుమాస్తా మా ఆయనకు ఒక సలహా ఇచ్చాడు. "వాయిదాకు ముందర మాత్రలు ఆపెయ్యి. కోర్టులోనే ఫిట్ వస్తే ఇది తాగుడు కాదు జబ్బేనని మెజిస్ట్రేటే కళ్ళారా చూస్తాడు."

ఆయన నాకు చెప్పకుండా ఆపేశాడు. కోర్టుకు బయలుదేరాల్సిన రోజు తెల్లవారుతుండగా ఫిట్ మొదలైంది. ఒకటి తగ్గకముందే ఇంకొకటి వచ్చింది. మధ్యలో తెలివి రాలేదు. పెదవులు నల్లబడ్డాయి. నెల్లూరుకు కారులో పడుకోబెట్టి తీసుకుపోతుంటే, ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చున్నాను. ఆసుపత్రిలో ఫిట్స్ ఆగడానికి పారాల్డిహైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ ఘాటు వాసన వార్డంతా నిండిపోయింది. "స్టేటస్ ఎపిలెప్టికస్, తెరపి లేకుండా వచ్చే ఫిట్స్. బతుకుతాడని ఇప్పుడే చెప్పలేను," అన్నాడు డాక్టరు. మాత్రలు ఎవరు ఆపమన్నారని నన్ను కోప్పడ్డాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. నాలుక కొరుక్కుని పుండయింది. తెలివి నిలబడ్డాక మాత్రల సంగతి తనే చెప్పాడు. నాకు కోపం కూడా రాలేదు, అంత భయపడి ఉన్నాను. కోర్టులో నేనేం చెప్పాలని అడిగాను.

"నువ్వు చెప్పబళ్ళేదు. నేనే చెప్తా."

వాయిదా వేరే రోజుకు మార్చారు. ఆ రోజు మెజిస్ట్రేటు, ఈ జబ్బు ముందెప్పుడైనా వచ్చిందా అని ఆయన్ను అడిగాడు. ప్లీడరు లేవబోయాడు. మా ఆయన బోను పట్టుకుని, "వచ్చింది సార్. డాక్టరు బండి తోలొద్దన్నాడు. అయినా తోలినాను. సైకిలాయన తప్పేం లేదు," అన్నాడు. ప్లీడరు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు. నన్ను సాక్ష్యానికి పిలవలేదు.

బయట వెంకమ్మ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుని తల వంచుకున్నాను. "ఎవురి తప్పూ లేదని అందురూ చెప్తా వచ్చినారు మే. మా ఆయన గాలికి పడి చచ్చినట్టు. ఈ పొద్దు ఒక మనిషి, నేను చేసినానన్నాడు," అని చెప్పి వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

జైలు పడింది, లైసెన్సు రద్దయింది. నెల్లూరు డాక్టరు రాసిచ్చిన చీటీ జైలువాళ్ళకు చూపించి, మాత్రలు ఒక్క రోజు కూడా తప్పకుండా చూసుకున్నాను. ఆయన చిక్కిపోయి తిరిగొచ్చాడు కానీ విరుచుకుపడే ఫిట్స్ లేకుండా వచ్చాడు. ఇప్పుడు మా షెడ్డులోనే కూర్చుని అభ్రకం రేకులు ఏరుతున్నాడు. మాట కొంచెం నిదానం. ఎప్పుడైనా చూపు నిలిచిపోతుంది. పక్కవాళ్ళు రేకులు చీల్చే కత్తి తీసి దూరంగా పెట్టి, తేరుకునేదాకా ఆగుతారు. లారీ ఓనరు మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఇది చదివేవాళ్ళ ఇంట్లో ఎవరికైనా ఒక్కసారి ఇలా చూపు నిలిచిపోతే, ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మాత్రలు ఎవరు చెప్పినా ఆపకండి. డాక్టరు సరేననేదాకా బండి తాళాలు మీ దగ్గరే పెట్టుకోండి. బాగానే ఉన్నానని ఆ మనిషి ఎంత చెప్పినా ఇవ్వకండి. రోడ్డు మీద ఎదురొచ్చే మనిషికి మీ ఇంటి జబ్బు తెలియదు.