తనిఖీ కోసం ఆపిన బెండకాయలు

తొంభైల చివర్లో నేను అల్వాల్ నుంచి బస్సెక్కి, శామీర్‌పేట అవతల ఒక ఊళ్లో ప్రైమరీ బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లేదాన్ని. బడి వెనక ఖాళీ జాగాలో పిల్లల చేత కూరగాయలు పండించాలని నాకు సరదా పుట్టింది. తలా ఒక మడి ఇచ్చి, ఎవరి మడి కాత వాళ్లదేనని గొప్పగా చెప్పాను.

మూడో తరగతి పిల్ల ఒకతె బెండ గింజలు వేసింది. ఆ ఏడే వాళ్ల చేను అమ్ముడుపోయి ప్లాట్లయింది. అప్పట్నుంచి ఇంట్లో కొన్న కూరగాయలే. వాళ్ల అవ్వకు అవి రుచించడం లేదట.

"ముందుగాల కాసినయి మా అవ్వకే టీచర్" అని రోజూ చెప్పేది.

కాత మొదలైంది. సరిగ్గా అప్పుడే తనిఖీకి అధికారి వస్తున్నారని కబురొచ్చింది. చెట్టుకు కాయలుంటేనే కదా తోటకు అందం! ఎవరూ కాయ కోయకూడదని హుకుం జారీ చేశాను. ఆయన రేపన్నారు, ఎల్లుండన్నారు. బెండకాయ ఆగుతుందా?

"ముదురుతున్నయి టీచర్. గిట్లనే ఇడిస్తే చెట్టు గూడ కాయదంట, అవ్వ జెప్పింది" అంది ఆ పిల్ల.

"నీకెక్కువ తెలుసా? వెళ్లి కూచో!" అని కసిరాను. పిల్ల చెప్పింది నిజమని తెలిసే అంత కోపమొచ్చింది.

చివరికి ఆయన వచ్చారు. తోట చుట్టూ తిరిగి భేష్ అన్నారు. వచ్చిన అధికారిని వట్టి చేతులతో పంపితే మర్యాద కాదని మా బళ్లలో ఒక అలవాటు. ఆయన అడగలేదు, వద్దని కూడా అన్నారు. నేనే ఎగబడి, బెండ చెట్ల కొసల్లో ఉన్న లేత కాయలు ఏరి కోసి కవర్లో వేశాను. కవరు నోరు తెరిచి పట్టుకున్నది ఆ పిల్లే. కాయలు పడుతున్నంతసేపూ కవర్లోకే చూసింది.

జీపు వెళ్లిపోయాక "ఇక మీరు కోసుకోండి" అన్నాను, ఏదో వరమిస్తున్నట్టు. ఆ పిల్ల ముదురు కాయల్నే గౌను ఒడిలో పోసుకుని ఇంటికి పరిగెత్తింది.

మర్నాడు ప్రార్థనకు ముందే నా దగ్గరికొచ్చింది. చేతిలో చిన్న టిఫిన్ డబ్బా ఉంది.

"అవ్వ పులుసు వెట్టింది టీచర్. అవ్వకు పండ్లు లెవ్వు గదా, నమలరాలే. పులుసు పీల్చి పీచు ఊంచింది. మన చేన్ల కాయ లెక్కనే ఉన్నదని మస్తు ఖుషీ అయింది. మీగ్గూడ పంపింది" అంటూ డబ్బా నా చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం ఎదురుగా నిలబడి, నేను తినేదాకా కదల్లేదు. పళ్లన్నీ గట్టిగా ఉన్న నాకే ఆ ముక్కలు నలగలేదు. ఊసెయ్యడానికి మనసొప్పక, పిల్ల చూస్తుండగా పీచుతో సహా మింగేశాను.

"మంచిగున్నదా టీచర్?" అంది.

బాగుందన్నాను.