కంప్యూటర్ మీద తడి గోతం

దెయ్యం, గాలి, ధూళి అని ఎవరన్నా మొదలుపెడితే లేచి వంటింట్లోకి పోయే మనిషిని నేను. భయమేసి కాదు. నాకు నవ్వొస్తుంది, నవ్వితే పెద్దోళ్ళకి కోపమొస్తుంది. చదివింది పదో తరగతే గానీ అట్టాంటివి ఏనాడూ నమ్మలా. అందుకే ఇది రాయాలంటే ముందు సిగ్గుగా ఉంది.

మా ఊరు సంగం. మా నాయన వరి పండించేవాడు. నా పెళ్ళికి ముందే పోయినాడు. పెళ్ళయినాక మైపాడు దగ్గరికి వచ్చినా. మేముండేది మేడ మీద, సముద్రం గాలి నేరుగా కొడతది. మా ఆయన రొయ్యల గుంటల కాడ పని చేస్తాడు. రాత్రి కాపలా, నీళ్ళలో దిగడం, వలలు కట్టుకోవడం, అదీ ఆయన పని.

ఆయనకుండే పిచ్చి ఒక్కటే, కంప్యూటర్ గేమ్స్. ఫోన్లో ఆడేవి కాదు. ఒక పక్క అద్దం, లోపల రంగు లైట్లు తిరిగే పెద్ద పెట్టె. ఒక్కో పార్టు ఒక్కోసారి తెచ్చుకుని తానే బిగించుకున్నాడు. హైదరాబాదులో ఒక టీమోళ్ళు ఆయన ఆట చూసి, ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌లో బాగా ఆడితే తీసుకుంటామన్నారు. జీతం కూడా ఇస్తారంట. ఇంక గుంటల్లో దిగే పని ఉండదని ఆయన ఆశ. ఆయన కాళ్ళు ఆ నీళ్ళకి పాసిపోయి ఉంటాయి, కాబట్టి నా ఆశ కూడా అదే.

సరిగ్గా ఆ వారమే కంప్యూటర్ వేడెక్కడం మొదలైంది. ఆట మొదలుపెట్టిన కాసేపటికే లోపల ప్రాసెసర్ వేడి తొంభై దాటేది, కాలిపోకుండా దానంతట అదే టక్కున ఆగిపోయేది. ఆయన, ఆయన ఫ్రెండు వాసు కలిసి ఫ్యాను తీసి తుడిచినారు, వేడి లాగే పాత పేస్టు గీకి కొత్తది పూసినారు, పక్క అద్దం ఊడదీసి టేబుల్ ఫ్యాను పెట్టినారు. ఏం చేసినా అదే కథ.

ఆ గదికి తాళం ఎందుకో కూడా చెప్పాలి. మా అత్తమ్మ శుక్రవారం, ఆదివారం సాంబ్రాణి పొగ ఇల్లంతా పట్టిస్తది. దేవుడి పటానికి ఎంత పొగో కంప్యూటర్‌కీ అంతే. ఆ మసి ఫ్యానుకి పడతా ఉందని మా ఆయన గదికి తాళమేసి, తాళం చెవి మొలతాడుకి కట్టుకున్నాడు. రెండో చెవి బియ్యం డ్రమ్ములో ఉండేది. ఆ సంగతి నాకూ తెలుసు.

శనివారం అన్నాలు తింటా ఉంటే ఇద్దరూ దాని గురించే మాట్లాడుకుంటా ఉన్నారు. నా నోరు ఊరుకోదు గదా. "మా నాయన పొలంలో డీజిల్ మోటారు కాలిపోతా ఉంటే గోతం తడిపి కప్పేవాడు" అన్నా.

వాసు అన్నం ముద్ద పట్టుకునే నవ్వినాడు. "వదినా, కప్పినాక ఎడ్లని కూడా కట్టమంటావా?"

మా ఆయన కూడా నవ్వినాడు. "మీ నాయన మోటారుకి ఇంటర్నెట్ ఉన్నిందా సుజా?" అన్నాడు.

నేనూ నవ్వేసినా. కంచంలోకి చూసుకుంటా నవ్వినా.

ఆదివారం పొద్దున్నే ఆయన కంప్యూటర్‌కి ఏదో టెస్ట్ పెట్టినాడు. వేడి ఎంతదాకా పోతదో చూసేదంట. అట్నే వదిలేసి, గదికి తాళమేసి, పెద్ద ఫ్యాను కొనుక్కొస్తామని వాసుతో బండి మీద నెల్లూరు పోయినాడు. మా అత్తమ్మ చెల్లెలింటికి పోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. కింద కుళాయి కాడ కూర్చుని చేపలు తోముకుంటా ఉన్నా. మెట్లు నా కళ్ళ ముందరే ఉన్నాయి. ఎవ్వరూ ఎక్కలా, ఎవ్వరూ దిగలా.

వాళ్ళొచ్చినారు. పైకి పోయినారు. తాళం తీసిన చప్పుడు, తర్వాత మా ఆయన అరుపు. నేను చేప చేతులతోనే పరిగెత్తినా.

కంప్యూటర్ మీద తడి గోతం కప్పి ఉంది.

ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ సంచి కాదు, జనపనార గోతం. మా ఇంట్లో అట్టాంటిది లేనే లేదు, బియ్యం కూడా ప్లాస్టిక్ సంచుల్లోనే వస్తాయి. అంచు రెండు మడతలేసి, గాలికి లేవకుండా పక్కన కొబ్బరితాడుతో కట్టి ఉంది. నీళ్ళు పెట్టె బయటి పక్కనే కారి నేల మీద పడతా ఉన్నాయి. లోపలికి ఒక్క చుక్క పోలా. డీజిల్ వాసన, కాలవ బురద వాసన. నా చేతులు చేపల కంపు కొడతా ఉన్నాయి, గోతంలో మాత్రం ఆ కంపు లేదు.

"రేయ్, ఆగరా. అరవై చూపిస్తా ఉంది" అన్నాడు వాసు తెర వైపు చూస్తా. వాళ్ళు పోయినప్పటినుంచీ టెస్ట్ ఆగకుండా నడస్తానే ఉంది. అంతకు ముందు కాసేపు కూడా నిలిచింది లేదు.

మా ఆయన వినే స్థితిలో లేడు. తాడు విప్పకుండానే గోతాన్ని ముడితో సహా లాగి అవతల పారేసినాడు. "కరెంటు వస్తువు మీద నీళ్ళేందే? నీకు బుద్ధుందా?"

"నేను కాదు. నేను కిందనే ఉన్నా" అన్నా.

"నువ్వు కాకపోతే మీ నాయనొచ్చి కప్పిపోయినాడా?"

వాసు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు.

కాదు అని ఇంకోసారి అంటే, ఇంక ఈ ఇంట్లో మా నాయన పేరు ఒక దెయ్యం జోకు అయిపోద్ది. కోడలి తండ్రి గోతం పట్టుకుని తిరగతా ఉన్నాడని వీధంతా చెప్పుకుంటారు. దానికంటే నేనే తెలివితక్కువదాన్ని అయితే నయమనిపించింది.

"నేనే కప్పినా" అన్నా.

కొత్త ఫ్యాను పెట్టి మ్యాచ్‌కి కూర్చున్నాడు. నేను గుమ్మం బయట నిలబడినా. మళ్ళీ కప్పి చూడండి అని నాలిక దాకా వచ్చింది. సిగ్గుతో మింగేసినా. ఆట సగంలో ఉండగా పెట్టె మళ్ళీ వేడెక్కి, దాని లైట్లు పోయినాయి, ఫ్యాన్లు ఆగిపోయినాయి. ఆయన చెవులకున్న హెడ్‌ఫోన్ కూడా తీయకుండా అట్నే కూర్చున్నాడు.

ఆ టీమోళ్ళు ఇంకెవరినో తీసుకున్నారు.

సాయంత్రం మా అత్తమ్మ వచ్చి సంగతంతా విన్నది. "నేను పొగేస్తేనే తప్పన్నాడు, ఈ పిల్ల ఏకంగా స్నానమే పోసింది" అన్నది. అప్పటినుంచి మా వీధిలో నేను గోతం కోడల్ని. పాల కాడికి పోయినా, కూరగాయల బండి కాడికి పోయినా అదే పేరు. పలకతానే ఉన్నా.

బియ్యం డ్రమ్ము మాత్రం ఆ రోజే చూసినా. రెండో చెవి అడుగునే ఉంది, దాని మీద కొత్త బియ్యం కదలకుండా ఉన్నాయి.

తర్వాత కంప్యూటర్ బాగయింది. ఉప్పు గాలికి లోపల వేడి లాగే రేకులు పొడిపొడి అయిపోయినాయంట, అది మొత్తం మార్పించినాడు. మరి ఆ పాడైపోయిన రేకులతో ఆ పూట అరవై ఎట్టా నిలిచిందో ఆయన చెప్పలేకపోయినాడు. గోతం కప్పితే గాలి చల్లబడొచ్చు గానీ, ఈ సముద్రం తేమలో అంత తగ్గదు అన్నాడు.

గోతాన్ని నేను పారేయలా. ముడి అట్నే ఉంచి మిద్దె మీద ఆరేసినా.

ఒకరోజు మా ఆయన ఆ ముడినే చూస్తా చాలాసేపు కూర్చున్నాడు. వలలు కట్టే మనిషి, ఆయనకి తెలియని ముడి ఉండదు. ఒక తాడు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టినాడు. "సుజా, ఇదెట్టా కట్టినావో ఒకసారి కట్టు."

కట్టినా. విప్పి మళ్ళీ కట్టినా. ఎంత చేసినా నాకొచ్చేది మామూలు ముడే. ఆ ముడి ఎడమ నుంచి తిరిగి కింద నుంచి పైకి వస్తది. మా నాయన కుడిచెయ్యి రెండు వేళ్ళు ఇంజన్ బెల్టులో పడి వంగిపోయినాయి. ఆయన ముడులన్నీ అట్నే తిరగబడి వచ్చేవి. ఈ సంగతి మా ఆయనకి నేను ఎప్పుడూ చెప్పలా.

తల ఎత్తకుండా తాడుతో కుస్తీ పడతానే ఉన్నా. ఆయన నా చేతులు పట్టుకుని ఆపినాడు. గోతాన్ని ఆ మడతల మీదనే మడిచి, కిందికి తీసుకుపోయి, కంప్యూటర్ బల్ల కింద పెట్టినాడు. మొలతాడు నుంచి చెవి విప్పేసినాడు. ఆ గదికి మళ్ళీ తాళం పడలా. మా అత్తమ్మ పొగ కూడా లోపలికి పోతా ఉంది.

అది ఎవరు కప్పినారో నాకు తెలీదు. మా నాయనే అని నోరు తెరిచి అనలేను, అట్టాంటివి నమ్మే మనిషిని కాదు. నేనే అని ఇంకా అందరికీ చెప్తా ఉన్నా, అది అబద్ధం. ఒక్కటి మాత్రం రాత్రీ పగలూ గుచ్చుకుంటది. ఎవరో వచ్చి నా మాట నిలబెట్టిపోయినారు, మళ్ళీ కప్పి చూడండి అని చెప్పడానికి నేనే సిగ్గుపడినా.