ముక్కుకు పసుపు కొమ్ము కట్టిన విమానం

ఆ రోజుల్లో ఆర్మూర్‌లో మనిషి మాట నమ్మినా నమ్మకపోయినా, పసుపు కొమ్మును మాత్రం విరిచి చూడనిదే ఎవరూ నమ్మేవారు కాదు. రేడియోలు బాగుచేసే దుకాణంలో పని నేర్చుకుంటున్న నేనేమో పసుపును తప్ప లోకంలో అందరినీ అనుమానించేవాణ్ణి. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మా అక్క భర్త గాలిలో పల్టీలు కొట్టే రిమోట్ విమానం ఒకటి తెచ్చాడు. "బామ్మర్ది, నేను వాపస్ పోయేలోపల దీంతోని సక్కగ పల్టీ కొట్టియ్యి, నీకే ఇడిసిపెట్టి పోత" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు (సంతోషంతో కాదు, బావ మాట మీద నిలబడతాడా అన్న అనుమానంతో).

విమానం లేస్తూనే ముక్కు పైకెత్తి, తోక మీద కూలబడేది. రెక్కల కింద చెరో వేలు పెట్టి ఎత్తితే తోక వైపే ఒరిగింది. ముక్కు దగ్గర బరువు కట్టాలి. మా కల్లంలో ఉడకబెట్టి అప్పుడే ఆరబోసిన పసుపులోంచి లావుపాటి కొమ్మొకటి ఏరి దారంతో బిగించాను. అబ్బ, ఆ సాయంత్రం ఎంత బుద్ధిగా ఎగిరిందనుకున్నారు! "మస్తు చేసినవ్‌రా!" అని బావ వీపు తట్టాడు. దిగేటప్పుడు రెక్క కాస్త పగిలితే జిగురు పూసి, అది ఆరేదాకా డాబా మీద ఎండలో పెట్టాం.

నాలుగు రోజుల తర్వాత ఎగరేస్తే మళ్ళీ ముక్కెత్తింది. చూద్దును కదా, కొమ్ము సన్నగా కనిపించింది! పల్టీ కొట్టకపోతే విమానం ఎవరికి మిగులుతుంది? బావకే.

"కొమ్ము మార్చినవ్ కదా బావ?"

"నేనా? నువ్వే మార్చినవ్! ఖరాబైందంటే ఈడనే పారేసి పోతనని నీ ఉపాయం. నాకెరుక లేదా?"

ఈ గొడవకు మా బాపు బయటికొచ్చి, దారం తెంపి, కొమ్మును టక్కున విరిచాడు. "పచ్చి కొమ్ము కట్టి, ఎండల వెట్టి, దొంగల్ని దేవులాడుతున్నవార? ఎండితే బరువు దిగదా? పసుపుల పుట్టినోనికి గీ ముచ్చట ఎరుకలేదా!" అన్నాడు. తిట్లన్నీ నాకే (అల్లుణ్ణి అనకూడదు కదా). అంకాపూర్‌లో పసుపు పండించే ఇంట పుట్టిన బావ మాత్రం తలెత్తలేదు.

బాగా ఎండిన కొమ్ములు రెండు కట్టాం. విమానం పల్టీ కొట్టింది. నేను ఎగిరి గంతేశాను.

బావ బొంబాయి బస్సెక్కుతూ అట్టపెట్టె నా చేతిలో పెట్టాడు. బస్సు కదలగానే అక్కడే విప్పాను (ఖాళీ పెట్టె అంటగట్టాడేమోనని). విమానం ఉంది, రిమోట్ ఉంది, ఓ మూల కాగితం పొట్లంలో గుప్పెడు ఎండు కొమ్ములున్నాయి. తలెత్తితే, బస్టాండు గేటు దగ్గర ఆగిన బస్సు కిటికీలోంచి బావ నన్నే చూస్తున్నాడు.

"ఇరిచి సూస్కోరా!" అని అరిచి పకపకా నవ్వాడు. సిగ్గుతో చెయ్యి ఊపడం కూడా మరిచిపోయాను.

ఆ విమానం ఏనాడో ముక్కలైంది. ఆ పొట్లంలోని కొమ్మొకటి ఇంకా నా పనిముట్ల డబ్బాలో ఉంది. దాన్ని మాత్రం ఇంతవరకూ విరిచి చూడలేదు.